కట్టెలు చీల్చే మెషిన్ కొంటున్నారా? టన్నులు చూసే ముందు మొద్దును చూడండి

కట్టెలు చీల్చే మెషిన్ కొందామనుకునే వాళ్లు మొట్టమొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎన్ని టన్నులది, అంటే ఎన్ని టన్నుల బలంతో తోసేది తీసుకోవాలి? అమ్మేవాళ్లు చెప్పేదీ టన్నులే, మెషిన్ మీద పెద్దక్షరాల్లో ఉండేదీ టన్నులే. నా లెక్కలో అది నాలుగో ప్రశ్న. మొదటిది, మీ చేతికొచ్చే కర్ర ఎలాంటిది? రెండోది, ఏడాదికి ఎంత కావాలి? మూడోది చాలామంది అసలు వేసుకోరు. దుంగ పడిన చోటి నుంచి పేడు పొయ్యిలోకి వెళ్లేదాకా దాన్ని మీరు ఎన్నిసార్లు ఎత్తి దించుతున్నారు? ఈ మూడూ తేలాక టన్నుల సంగతి పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండదు, చాలాసార్లు అనుకున్న దానికంటే చిన్న మెషినే సరిపోతుంది, కొందరికి మంచి గొడ్డలి చాలు.

ఆ మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే లెక్క వేసి చూస్తే అసలు భారం ఎక్కడుందో అక్కడే తెలుస్తుంది. పేర్చిన కట్టెలు 10 ఘనపు మీటర్లు అనుకోండి. పేర్పులో సందులు పోగా అసలు కర్ర సుమారు 6.5 ఘనపు మీటర్లు ఉంటుంది. పచ్చి కర్ర ఘనపు మీటరుకు 900 కిలోల చొప్పున వేసుకున్నా దాదాపు 6 టన్నులు. ఇప్పుడు చూడండి, దుంగను కోతకు అనువుగా ఒకసారి కదిపారు, కోసిన మొద్దుల్ని బండికెత్తారు, దించారు, మెషిన్ మీదికి ఎత్తారు, చీలి కింద పడ్డ పేళ్లని వంగి ఏరారు, పేర్చే చోటికి మోశారు, పేర్చారు. ఏడుసార్లు. అంటే 42 టన్నులు మీ నడుము మీదుగా వెళ్లాయి. ఈ ఏడు పనుల్లో చీల్చడం లేదని గమనించారా? మనం డబ్బంతా పెట్టేది మాత్రం దానికే.

నేను మొదటిసారి హైడ్రాలిక్ మెషిన్ (నూనె పీడనంతో పిస్టన్ కదిలి మొద్దుని చీల్చేది) అద్దెకు తెచ్చుకున్నప్పుడు ఒక్కడినే పనిలోకి దిగాను. ఇంజిన్ రోజంతా మోగుతూనే ఉంది కానీ పిస్టన్ చాలాసేపు ఖాళీగా నిలబడే ఉంది, ఎందుకంటే నేను మొద్దు తేవడానికి వెళ్లి ఉన్నాను, లేదా కింద పడ్డ పేళ్లని పక్కకు విసురుతూ ఉన్నాను. మర్నాడు మెషిన్‌నే మొద్దుల కుప్ప దగ్గరికి లాక్కెళ్లి, పేళ్లు పడే వైపు తోపుడు బండి ఆనించి పెట్టాను. అదే మెషిన్, అదే మనిషి, పని మాత్రం చాలా ముందుగా తెమిలిపోయింది. అప్పటినుంచి ఎవరడిగినా, మీ టైమ్ ఎక్కడ పోతోందో ఒక రోజు గమనించి ఆ తర్వాత కొనండి అనే చెబుతున్నాను.

అసలు కట్టెల్ని చీల్చడం ఎందుకో కూడా ఒకసారి చూసుకుంటే పరికరం ఎంచుకోవడం తేలికవుతుంది. పొయ్యిలో పట్టడానికి అనుకుంటాం కానీ పెద్ద కారణం ఆరడం. చెట్టులో నీళ్లు నిలువునా పారతాయి, అందుకే కోసిన కొసల నుంచి తేమ బయటికి పోయే వేగం పక్కల నుంచి పోయే వేగం కంటే 10 నుంచి 15 రెట్లు ఎక్కువ. పక్కల నుంచి పోవాల్సిన కొంచెం కూడా బెరడు ఆపేస్తుంది. కాబట్టి మొద్దును పొట్టిగా కోయడం ఒక మేలు, చీల్చి బెరడు లేని ముఖాలు గాలికి వదలడం రెండో మేలు. చీల్చకుండా దుంగగా వదిలేస్తే ఏళ్ల తరబడి లోపల పచ్చిగానే ఉంటుంది, కొన్ని రకాల కర్ర అలాగే పుచ్చిపోతుంది కూడా.

తేమ వల్ల ఎంత నష్టమో అంకెల్లో చూద్దాం. పూర్తిగా ఎండిన కర్ర కిలోకి దాదాపు 18.5 మెగాజూళ్ల వేడి ఇస్తుంది, ఏ చెట్టైనా కాస్త అటూ ఇటూగా ఇంతే. బరువు కర్రకీ తేలిక కర్రకీ తేడా కిలోలో కాదు, ఘనపు మీటరులో. ఇప్పుడు అప్పుడే కొట్టిన పచ్చి కర్ర ఒక కిలో తీసుకుంటే అందులో సగం నీళ్లే ఉండొచ్చు. మిగిలిన అరకిలో కర్ర ఇచ్చే వేడి 9 మెగాజూళ్ల పైచిలుకు, అందులోంచి ఆ అరకిలో నీళ్లని ఆవిరి చేయడానికి మళ్లీ 1.2 మెగాజూళ్లు పోతాయి. చేతికి మిగిలేది 8. అదే తేమ 20 శాతానికి దిగిన కిలో కట్టె 14 పైనే ఇస్తుంది. పైగా పచ్చి కట్టె మంట చల్లగా ఉండి పొగలోని వాయువులు కాలకుండానే పైకి పోతాయి, పొగగొట్టంలో తారులాగా పేరుకుంటాయి, ఆ పేరుకున్నదే ఒక రోజు అంటుకోవచ్చు. అందుకే నా దృష్టిలో కట్టెల పనిలో అన్నిటికంటే ఎక్కువ పని చేసేవి ఎండా గాలీ, వాటికి అవకాశం ఇవ్వడమే మన పరికరాల పని.

ఇక మొద్దు దగ్గరికి వద్దాం. దాని కోసిన ముఖం మీద చేయి పెట్టి ఒక నిమిషం చూడండి. నడిమధ్య నుంచి అంచు వైపు సన్నని పగుళ్లు పోతుంటాయి, కర్ర తనకు తాను ఎక్కడ విడిపోవాలనుకుంటోందో అవి చెబుతాయి. దెబ్బ ఆ గీత మీద పడాలి. పక్కకు తిప్పి బెరడు చూడండి. బెరడు గీతలు నిటారుగా దిగితే లోపల నార కూడా నిటారుగానే ఉందని దాదాపు నమ్మొచ్చు, మెలి తిరిగి పోతుంటే పేడు కూడా మెలికగానే చీలుతుంది, బలం ఎక్కువ పడుతుంది. కొమ్మ మొలిచిన చోట ముడి ఉంటుంది, అక్కడ కొమ్మ నార మాను నారకి అడ్డంగా దూరి ఉంటుంది కాబట్టి గొడ్డలి నారల మధ్య దూరదు, నారల్ని తెంపాల్సి వస్తుంది. ముడి ఉన్న మొద్దుని ముడి కిందికి వచ్చేలా నిలబెట్టి, పగులు ముడి మధ్యగుండా పోయేలా కొట్టండి, ముడిని తప్పించి పక్కన కొట్టాలని చూస్తే అక్కడే ఇరుక్కుంటుంది.

రెండు కొమ్మలు చీలిన పంగ ముక్క వస్తే దాన్ని చేత్తో చీల్చాలని పంతానికి పోకండి, రంపంతో నిలువునా కోసేయండి.

కొన్ని చెట్లలో ఇంకో చిక్కు ఉంటుంది. కొన్నేళ్లు పెరిగిన పొరల్లో నార కుడికి వాలితే, తర్వాతి పొరల్లో ఎడమకు వాలుతుంది, పొరలు ఒకదానికొకటి చేతివేళ్లు అల్లుకున్నట్టు పట్టుకుని ఉంటాయి. వేప, చింత, నీలగిరి రకాల్లో చాలావరకు, చలి దేశాల్లో ఎల్మ్, ఇవన్నీ అలాంటివే. వీటిని గొడ్డలితో కొడితే చీలిన తర్వాత కూడా రెండు ముక్కల మధ్య నార దారాల్లా వేలాడుతుంది. నీలగిరి లాంటివి పచ్చిగా ఉన్నప్పుడే చీల్చేసుకోవాలి, ఎండితే రాయే. నిటారు నార ఉన్న పైన్ లాంటి వాటిని మాత్రం మామూలు గొడ్డలితో ఒక పెట్టుకు ఒకటి చొప్పున చీల్చుకుంటూ పోవచ్చు. మీ దగ్గరికి వచ్చేది ఎక్కువగా ఏ రకమో తెలిస్తే మీ పరికరం సగం తేలినట్టే. (చింత మొద్దు ఒకటి పెద్దది దొరికితే చీల్చకండి. అడుగు దిమ్మెగా వాడుకోండి, అంత మంచి దిమ్మె మళ్లీ దొరకదు.)

గొడ్డలి విషయానికొస్తే, నరికే గొడ్డలి వేరు, చీల్చే గొడ్డలి వేరు. నరికేదాని తల పలచగా ఉంటుంది, నారని అడ్డంగా తెంపాలి కాబట్టి వాదర బాగా పదునుగా ఉండాలి. దాన్ని తీసుకొచ్చి మొద్దు మీద నిలువునా కొడితే సూటిగా దిగబడి అక్కడే కూరుకుపోతుంది. చీల్చే గొడ్డలి తల వాదర దగ్గర సన్నగా మొదలై వెనక్కి వచ్చేకొద్దీ గబుక్కున లావవుతుంది, దిగుతూనే రెండు వైపులా తోసేస్తుంది. దీనికంటే బరువైనది, వెనక సమ్మెటలా మొద్దుగా ఉండేదాన్ని మాల్ అంటారు, తల బరువు సుమారు 2.7 నుంచి 3.6 కిలోల దాకా ఉంటుంది.

బరువెక్కువైతే దెబ్బ గట్టిగా పడుతుందని చాలామంది నమ్మకం, అందులో సగమే నిజం. దెబ్బలోని శక్తి బరువును బట్టి నేరుగా పెరుగుతుంది, వేగాన్ని బట్టి మాత్రం వర్గంగా పెరుగుతుంది. 3.5 కిలోల తలని సెకనుకు 10 మీటర్ల వేగంతో దించగలిగారు అనుకుందాం, శక్తి 175 జూళ్లు. 2 కిలోల తలని మీరు 14 మీటర్ల వేగంతో దించగలిగితే 196 జూళ్లు, పైగా గంట తర్వాత కూడా అదే వేగం ఉంటుంది, బరువు గొడ్డలి అయితే పది నిమిషాలకే చేతులు బరువెక్కి వేగం పడిపోతుంది. కాబట్టి రోజూ కొట్టుకునే వాళ్లకి 2 నుంచి 2.5 కిలోల చీల్చే గొడ్డలి, 80 నుంచి 90 సెంటీమీటర్ల కామ, ఇదే నా సిఫార్సు. మాల్‌ని ముదురు మొద్దులకి విడిగా ఉంచుకోండి. కామ మరీ పొట్టిదైతే గురి తప్పిన దెబ్బ దిమ్మెని దాటి మీ కాలి వైపే వస్తుంది, పొడుగు కామ అయితే నేలలో దిగుతుంది. అందుకే పిల్ల గొడ్డలితో పెద్ద మొద్దు జోలికి పోవద్దు.

ఫిన్లాండ్‌కి చెందిన హేకీ కార్నా అనే ఆయన ఒక వింత గొడ్డలి తయారుచేశాడు, దాని పేరు విపుకిర్వెస్. తల బరువంతా ఒక పక్కకి ఉంటుంది, మొద్దుని తాకగానే తల తనంతట తాను పక్కకి తిరిగి, గడ్డపారతో పెకలించినట్టు ముక్కని విడగొడుతుంది. దిగబడదు, అంచుల నుంచి పేళ్లు టకటకా రాలగొట్టొచ్చు. అయితే దెబ్బ పడ్డాక పట్టు వదులు చేసి తిరగనివ్వాలి, ఆ అలవాటు రావడానికి కొంచెం టైమ్ పడుతుంది. నిటారు నార కర్రకి చాలా బాగుంటుంది, అల్లుకున్న నార కర్రకి నేనైతే చెప్పను.

ఏ గొడ్డలైనా పెద్ద మొద్దుని నడిమధ్య కొట్టడం తప్పు. ఒక మూర వెడల్పున్న మొద్దు అయితే చుట్టూ తిరుగుతూ అంచుల నుంచి చెక్కలు చెక్కలుగా లేపేయండి, చివరికి మధ్యలో చిన్న స్తంభం మిగులుతుంది, అది ఒక్క దెబ్బకి పోతుంది. ఇంకో చిన్న ఏర్పాటు ఉంది, ఖర్చు ఏమీ లేదు. దిమ్మె మీద పాత టైరు పడుకోబెట్టి దానికి మేకులు కొట్టి, మొద్దుని టైరు మధ్యలో నిలబెట్టి కొట్టండి. చీలిన పేళ్లు ఎటూ పడిపోకుండా టైరులోనే నిలబడి ఉంటాయి, వంగి మళ్లీ నిలబెట్టే పని తప్పుతుంది. మొద్దు చుట్టూ గొలుసు బిగించినా ఇదే పని జరుగుతుంది. మెషిన్ కొనే ముందు ఈ టైరు పద్ధతి ఒక వారం చేసి చూడమంటాను.

ఇనుప చీలలు (వెడ్జ్‌లు), సమ్మెట కూడా పాతబడిన సామానేం కాదు. గొడ్డలికి లొంగని మొద్దుకి ఒక చీల పగులు మీద దింపి, అది తెరిచిన సందులో రెండో చీల పెడుతూ పోతే దాదాపు ఏదైనా విడిపోతుంది, కాకపోతే నెమ్మది. ఒక్క జాగ్రత్త. చీల తల దెబ్బలకి పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచుల్ని వెంటనే అరగదీయాలి, లేకపోతే తర్వాతి దెబ్బకి ఇనుప ముక్క ఎగిరి వస్తుంది. ఇరుక్కున్న గొడ్డలి తలని ఇంకో గొడ్డలి వెనకతో కొట్టడం కూడా ఇదే ప్రమాదం. గట్టి ఉక్కుని గట్టి ఉక్కుతో కొట్టకూడదు. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఈ పని ఏదీ చేయొద్దు.

పొయ్యి రాజేసే సన్న పుల్లల విషయంలో అందరం చేసే పొరపాటు ఒకటుంది, ఒక చేత్తో పేడు పట్టుకుని ఇంకో చేత్తో చిన్న గొడ్డలి వేయడం. వేళ్లు పోయేది ఇక్కడే. న్యూజిలాండ్‌లో అయ్లా హచిన్సన్ అనే అమ్మాయి తన 13వ ఏట, వాళ్లమ్మ ఇలాగే వేలు కోసుకోవడం చూసి, స్కూల్ సైన్స్ ప్రాజెక్టుగా దీనికి విరుగుడు తయారుచేసింది. వాదర పైకి ఉండేలా నిలబెట్టిన చీల, దాని చుట్టూ ఇనుప వలయం. పేడుని వలయంలో నిలబెట్టి పైనుంచి సుత్తితో కొడితే చాలు. కదిలే వాదర అసలు లేదు. ఆ పరికరం కిండ్లింగ్ క్రాకర్ పేరుతో అమ్ముడవుతోంది. ముసలివాళ్లు, పిల్లలు ఉన్న ఇంట్లో పుల్లల పనికి నేను ఇంతకంటే మంచిది చూడలేదు.

రంపం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది విడిగా ఒక వ్యాసం అంత ఉంది. మొద్దు చీల్చడం సులువా కష్టమా అన్నది కోతలోనే సగం తేలిపోతుంది. పొడవు అన్నీ ఒకేలా ఉండాలి, కొసలు నిటారుగా ఉండాలి. వంకరగా కోసిన మొద్దు దిమ్మె మీద నిలబడదు, మెషిన్‌లో పెడితే పక్కకి జారుతుంది. ముడి ఎక్కువగా ఉన్న చోట మొద్దుని పొట్టిగా కోస్తే దాని బలం సగం పోతుంది. ఇళ్ల అవసరానికి 40 సెంటీమీటర్ల బార్ (చైన్ తిరిగే పొడుగాటి పలక) ఉన్న చైన్ సా దాదాపు సరిపోతుంది. పదును చూసుకోవడానికి కింద రాలే పొట్టు చూడండి. తునకలు తునకలుగా రాలితే పదునుంది, పిండిలా రాలితే ఆపి ఆకురాయి తీయండి. పదును లేని చైన్‌ని బలంగా అదిమితే బార్ అరుగుతుంది, మనిషి అలుస్తాడు, ప్రమాదం పెరుగుతుంది. బార్ కొస పై భాగం దేనికైనా తగిలితే రంపం మీ ముఖం వైపు ఎగురుతుంది, చైన్ బ్రేక్ ఉన్నది అందుకే. ఇవాళ మనం వాడే చైన్ పళ్ల ఆకారం వెనక మంచి కథ ఉంది. జోసెఫ్ కాక్స్ అనే అమెరికన్ 1946లో ఒక చెట్టు మొదట్లో పురుగు లార్వా కర్రని అటూ ఇటూ తొలుచుకుంటూ పోవడం గమనించి, దాని దవడల పద్ధతిలో చైన్ పళ్లు తయారుచేశాడు, మరుసటి ఏడాది కంపెనీ పెట్టాడు.

ఇప్పుడు హైడ్రాలిక్ మెషిన్. టన్నుల లెక్క ఇక్కడే విప్పి చూద్దాం, ఎందుకంటే మెషిన్ మీద రాసిన అంకెని మీరే సరిచూసుకోవచ్చు. సిలిండర్ లోపలి వ్యాసం, నూనె పీడనం, ఈ రెండూ చాలు. లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు అయితే పిస్టన్ ముఖం 78.5 చదరపు సెంటీమీటర్లు. పీడనం 200 బార్ (ఇక్కడ బార్ అంటే పీడనం కొలత) అంటే చదరపు సెంటీమీటరుకి 204 కిలోల తోపు. గుణిస్తే 16 టన్నులు. అదే సిలిండర్, అదే పీడనం పెట్టి 25 టన్నులు అని రాసి ఉంటే ఆ అంకె తప్పు. 25 టన్నులు రావాలంటే 12.5 సెంటీమీటర్ల సిలిండర్ కావాలి.

మరి 12.5 ఉన్నదే తీసుకుందాం అంటారా? దానికో ఖరీదు ఉంది. పిస్టన్ 60 సెంటీమీటర్లు కదలాలంటే సిలిండర్ నిండాలి. 10 సెంటీమీటర్ల సిలిండర్‌లో 4.7 లీటర్ల నూనె పడుతుంది, 12.5 దాంట్లో 7.4 లీటర్లు. పంపు నిమిషానికి 40 లీటర్లు తోస్తుంటే మొదటిది 7 సెకన్లలో ముందుకొస్తుంది, రెండోదానికి 11 సెకన్లు. తిరిగి వెనక్కి పోవడం కూడా అలాగే ఆలస్యం. అంటే పంపు మార్చకుండా టన్నులు పెంచితే మెషిన్ నెమ్మదిస్తుంది. మీ మొద్దుల్లో పదింట తొమ్మిది 10 టన్నులకే విడిపోయేవైతే, ఆ పదోదాని కోసం రోజంతా నెమ్మదిగా పనిచేసినట్టు. ఆ పదోదాన్ని పక్కన పెట్టి రంపంతో చూసుకోవడం నయం.

పంపు ఇంకా పెద్దది పెట్టొచ్చు కదా అనుకోవచ్చు. అక్కడ ఇంజిన్ అడ్డొస్తుంది. నిమిషానికి లీటర్లని బార్‌తో గుణించి 600తో భాగిస్తే కావలసిన కిలోవాట్లు వస్తాయి. 40 లీటర్లు, 200 బార్ అంటే 13 కిలోవాట్ల పైనే, అది చిన్న ఇంజిన్ వల్ల కాదు. అందుకే మంచి మెషిన్లలో రెండంచెల పంపు ఉంటుంది. ఖాళీగా కదిలేటప్పుడు పీడనం తక్కువ, నూనె ఎక్కువ, పిస్టన్ పరిగెత్తుకొచ్చి మొద్దుని తాకుతుంది. మొద్దు ఎదురుతిరిగితే పంపు దానంతటదే మారి నూనె తగ్గించి పీడనం పెంచుతుంది. 40 లీటర్లు 40 బార్ దగ్గర 2.7 కిలోవాట్లు, 10 లీటర్లు 200 బార్ దగ్గర 3.3 కిలోవాట్లు, రెండూ 5 కిలోవాట్ల లోపు ఇంజిన్ మోయగలిగేవే. మెషిన్ పనిచేస్తున్నప్పుడు చెవి పెట్టి వింటే ఈ మార్పు తెలుస్తుంది, ఇంజిన్ గొంతు బరువెక్కి పిస్టన్ ఒక్కసారి నెమ్మదిస్తుంది. ప్రతి మొద్దుకీ అలా బరువెక్కుతుంటే మీ కర్రకి ఆ మెషిన్ చిన్నది, ఎప్పుడో ఒకసారి అయితే సరిగ్గా సరిపోయింది.

కొనేటప్పుడు టన్నుల కంటే నేను ముందు చూసేవి వేరే ఉన్నాయి. మెషిన్‌ని నిలువుగా నిలబెట్టే వీలుందా? ఉంటే పెద్ద మొద్దుని ఎత్తకుండా కింది పలక మీదికి దొర్లించుకోవచ్చు. కాకపోతే నిలువు మెషిన్ ముందు కూర్చుని, వంగి పనిచేయాలి, అది రోజంతా చేస్తే నడుము పట్టేస్తుంది. మొద్దులు మీరు ఎత్తగలిగిన సైజువే అయితే నడుమెత్తున అడ్డంగా ఉండే మెషిన్ మేలు, దానికి రెండు పక్కలా పేళ్లు ఆగే బల్ల ఉండాలి. చీలిన సగం ముక్క కింద పడితే దాన్ని మళ్లీ ఎత్తాలి, బల్ల ఉంటే అక్కడే ఆగుతుంది, తిప్పి మళ్లీ తోయడమే. పిస్టన్ ఎంత వెనక్కి పోవాలో ఆపుకునే ఏర్పాటు ఉందా అన్నదీ చూడండి. మీ కట్టెలు 35 సెంటీమీటర్లవే అయినప్పుడు 60 సెంటీమీటర్లూ వెనక్కి పోయి రావడం ప్రతిసారీ కొన్ని సెకన్ల వృథా. నాలుగు ముక్కలు చేసే కత్తి నిటారు కర్రకి వరం, ముడి కర్రకి మాత్రం మొద్దు అందులో బిగుసుకుని బయటికి రాక అరగంట తినేస్తుంది, అందుకే తీసి పెట్టుకునే రకమే తీసుకోండి.

కరెంటుతో నడిచే చిన్న మెషిన్లు ఎక్కువగా 5 నుంచి 7 టన్నులవి ఉంటాయి. 25 సెంటీమీటర్ల లోపు నిటారు కర్రకి ఇవి హాయిగా సరిపోతాయి, పొగ లేదు, శబ్దం తక్కువ, మూసిన షెడ్డులో కూడా వాడొచ్చు. పెట్రోల్ ఇంజిన్‌ని మాత్రం మూసిన చోట ఎప్పుడూ నడపొద్దు, కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా మనిషిని పడేస్తుంది. కరెంటు మెషిన్‌కి పొడుగాటి సన్న వైరు వేస్తే ఓల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది, లావు వైరు, వీలైనంత పొట్టిది వాడండి.

ఫ్లైవీల్ మెషిన్లని ఇంకా చాలామంది చూసి ఉండరు. బరువైన చక్రాలు తిరుగుతూ శక్తిని దాచుకుంటాయి, లివర్ వేయగానే పళ్ల కడ్డీ చక్రానికి పట్టుకుని ఒక్కసారిగా ముందుకు దూసుకొస్తుంది. హైడ్రాలిక్ ఒక విడతకి 10, 15 సెకన్లు తీసుకుంటే ఇది 2, 3 సెకన్లలో వెళ్లి వచ్చేస్తుంది. నిటారు కర్ర కుప్పలుగా ఉండి, ఇద్దరు ముగ్గురు మనుషులు అందించడానికి ఉంటే దీని ముందు ఏదీ ఆగదు. అల్లుకున్న నార మొద్దు వస్తే మాత్రం దెబ్బ తగిలి ఆగిపోతుంది, వెనక్కి తీసి మళ్లీ కొట్టాలి. హైడ్రాలిక్ నెమ్మదిగానైనా అదుముతూనే ఉంటుంది, నారని కోసుకుంటూ పోతుంది. ఒక్కరే పనిచేసే వాళ్లకి ఫ్లైవీల్ వేగం పెద్దగా కలిసిరాదు, అంత వేగంగా మొద్దులు పెట్టలేరు. ఆ వేగంలో చేయి తీయడం ఆలస్యమైతే సరిదిద్దుకునే టైమ్ కూడా ఉండదు.

తిరిగే మర శంఖంలా ఉండే స్క్రూ రకం ఉంది, చూడటానికి చాలా సులువుగా, చవకగా అనిపిస్తుంది. నేను వద్దంటాను. గ్లవ్స్ కొస, చొక్కా చెయ్యి ఆ మరకి చుట్టుకుంటే మనిషిని లోపలికి లాగేస్తుంది, ఆపడానికి చేయి అందదు. మొద్దుని గట్టిగా పట్టుకోకపోతే అది కూడా గిర్రున తిరిగి కొడుతుంది. దీని వల్ల చేతులూ ప్రాణాలూ పోయాయి.

కోయడం, చీల్చడం, బెల్టు మీద పైకి తీసుకెళ్లి పోయడం అన్నీ ఒకే మెషిన్ చేసే ప్రాసెసర్లు కట్టెల వ్యాపారం చేసేవాళ్లకే. అది కూడా దుంగలు నిటారుగా, దాదాపు ఒకే లావున ఉండి, వాటిని ఎత్తి పెట్టడానికి లోడర్ ఉంటేనే. వంకర కొమ్మలు పెడితే ప్రతి రెండు నిమిషాలకీ ఇరుక్కుంటుంది.

అదే డబ్బులో చిన్న భాగం మోత తగ్గించే సామాను మీద పెట్టమని నా విన్నపం. పొడుగు కామకి కొక్కెం ఉండి, దుంగని పట్టుకుని మీటలా దొర్లించే కాంట్ హుక్ ఒకటి. అది ఉంటే ఇద్దరు కదపలేని దుంగని ఒక్కరు తిప్పొచ్చు, దానికి స్టాండ్ ఉన్న రకమైతే దుంగ నేలనుంచి లేచి ఉండటంతో రంపం మట్టిలో దిగి పదును పోవడమూ తప్పుతుంది. రెండోది వంకీ మొన ఉన్న పొడుగు కర్ర లాంటి పికరూన్. కింద ఉన్న పేడుకి గుచ్చి లాగితే వంగకుండానే చేతికొస్తుంది. 42 టన్నుల లెక్క గుర్తుందిగా, ఈ రెండూ దాని మీదే పనిచేస్తాయి. చీల్చే చోటే పేర్చేలా స్థలం చూసుకోగలిగితే ఏడుసార్లలో రెండుసార్లు ఎగిరిపోతాయి, దానికి పైసా ఖర్చు లేదు.

మెషిన్ దగ్గర ఒక్క నియమం మాత్రం అస్సలు సడలించకండి. మొద్దు పెట్టే చేయి, లివర్ వేసే చేయి ఒకే మనిషివి కావాలి. ఒకరు మొద్దు సర్దుతుంటే ఇంకొకరు లివర్ వేసినప్పుడే ఎక్కువగా వేళ్లు నలుగుతాయి. చీల్చే మెషిన్లకి ఐరోపా భద్రతా ప్రమాణం ఈఎన్ 609-1 ఉంది. రెండు చేతులూ రెండు లివర్ల మీద ఉంటేనే కదిలే మెషిన్లు ఈ ప్రమాదం కోసమే వచ్చాయి. పని తొందరలో ఒక లివర్‌కి తాడు కట్టేసే వాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. నూనె గొట్టం కారుతోందని అనుమానమొస్తే చేత్తో తడిమి చూడొద్దు. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె ఆ పీడనంలో చర్మంలోకి దూసుకుపోతుంది, బయటికి చిన్న చుక్కలా కనిపించినా లోపల కండ కుళ్లిపోతుంది, వెంటనే ఆపరేషన్ కావాల్సి వస్తుంది. అట్టముక్క దగ్గర పెట్టి చూడండి, తడిస్తే కారుతున్నట్టు.

తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి తప్పకుండా కొనండి, దాని సూదుల్ని పైముఖం మీద గుచ్చితే మాత్రం మోసపోతారు, పైపొర ఎప్పుడూ ఎండినట్టే ఉంటుంది. పేడుని అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం మధ్యలో నార వెంట గుచ్చండి. 20 లోపు చూపిస్తే పొయ్యికి సిద్ధం. పేర్చేటప్పుడు నేలకి ఆనకుండా అడుగున రెండు కర్రలు వేసి, పైన మాత్రమే కప్పండి, పక్కలు కప్పేస్తే గాలి ఆడక చీల్చిన శ్రమంతా వృథా.

వాడిన మెషిన్ కొంటుంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, ముందే వేడి చేసి ఉంచారంటే ఎందుకో అడగండి. పిస్టన్ కడ్డీ పూర్తిగా బయటికి తెప్పించి గుడ్డతో తుడిచి వేలితో నిమిరి చూడండి, గీతలు గానీ గుంటలు గానీ తగిలితే సీలు త్వరలోనే పోతుంది. నూనె పాలలా తెల్లగా ఉంటే అందులో నీళ్లు కలిశాయి. కత్తి మొదలు దగ్గరా, దూలం కొస దగ్గరా వెల్డింగ్‌లో వెంట్రుకంత పగులు ఉందేమో లైటు వేసి చూడండి. అన్నీ బాగున్నాయనిపిస్తే, మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే మొండి మొద్దు ఒకటి బండిలో వేసుకెళ్లి, వాళ్ల ముందే అందులో పెట్టి చూడండి.